బోయింగ్ ఎలా దిగజారింది?

బోయింగ్ కంపెనీ 2019 నుంచి 2024 దాకా వరుసగా ఆరేళ్లు నష్టాలు చూసింది. చివరి ఏడాది నష్టమే 1,180 కోట్ల డాలర్లు. 1916లో విలియం బోయింగ్ సియాటిల్‌లో మొదలుపెట్టిన ఈ సంస్థ రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17, బీ-29 బాంబర్లు తయారుచేసింది. ఆ తర్వాత 707 నుంచి 777 దాకా వచ్చిన జెట్ విమానాలతో అర్ధ శతాబ్దం పాటు ప్రపంచ ప్రయాణికుల విమానాల మార్కెట్‌ను ఏలింది. అంతటి సంస్థ, తలుపు భాగానికి నాలుగు బోల్టులు బిగించకుండానే విమానాన్ని కర్మాగారం నుంచి పంపించే స్థితికి ఎలా చేరిందన్నది పారిశ్రామిక చరిత్రకారులు, పాత్రికేయులు, అమెరికా కాంగ్రెస్ కమిటీలు పదేపదే పరిశీలించిన ప్రశ్న. ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటుంది: 1997లో మెక్‌డొనెల్ డగ్లస్‌తో జరిగిన విలీనంతో ఇంజినీర్ల కంపెనీ కాస్తా లెక్కల మనుషుల చేతిలోకి పోయింది. ఈ జవాబులో నిజం చాలా ఉంది, అయితే అది పూర్తి నిజం కాదు.

పాత బోయింగ్ జాగ్రత్తగా నడిచిన కంపెనీ ఏమీ కాదు. 1952లో బిల్ ఆలెన్ నాయకత్వంలోని బోర్డు ఒక్క ఆర్డరు కూడా లేకుండానే సొంత డబ్బు 1.6 కోట్ల డాలర్లు పెట్టి జెట్ విమాన నమూనా తయారీకి ఒప్పుకుంది. 1954 జులై 15న ఎగిరిన ఆ నమూనా నుంచే 707 పుట్టింది. 1960ల చివర్లో జో సట్టర్ బృందం 747ను రూపొందించింది. ఆ విమానం కోసం ఎవెరెట్‌లో కొత్త కర్మాగారమే కట్టాల్సి వచ్చింది. ఆ భారానికి విమానయాన మాంద్యం తోడై కంపెనీ దివాలా అంచుకు చేరింది, వేలాది మంది ఉద్యోగాలు పోయాయి. సియాటిల్ వదిలి వెళ్లే చివరి మనిషి దీపాలు ఆర్పి వెళ్లాలంటూ 1971లో వెలిసిన హోర్డింగు ఆ రోజుల గుర్తుగా మిగిలింది. అప్పటి యాజమాన్యం కూడా జూదమాడింది, కానీ పందెం కాసింది యంత్రం మీద. అది గెలిస్తే ఇరవై, ముప్పై ఏళ్లు అమ్ముకునే విమానం చేతికొస్తుంది. ఆ పద్ధతిలో పుట్టిన చివరి గొప్ప విమానం 777. అలాన్ ములాలీ నడిపించిన ఆ ప్రాజెక్టులో డిజైన్ ఇంజినీర్లు, ఫ్యాక్టరీ వాళ్లు, కొనబోయే విమానయాన సంస్థల ప్రతినిధులు మొదటినుంచీ ఒకేచోట కూర్చుని పనిచేశారు. పూర్తిగా కంప్యూటర్‌పైనే డిజైన్ అయిన ఆ విమానం 1994లో ఎగిరింది, 1995లో అనుకున్న గడువుకే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సేవలో చేరింది.

ఆ కాలాన్ని స్వర్ణయుగంగా చూపే రచనలు కొన్ని సంగతులు దాటేస్తాయి. 1985లో జపాన్ ఎయిర్‌లైన్స్ 747 కూలి 520 మంది మరణించడానికి మూలం, అంతకు ఏడేళ్ల ముందు బోయింగ్ సిబ్బంది తప్పుగా చేసిన మరమ్మతు. 1991, 1994లలో 737 విమానాలు రెండు కూలిపోవడానికి రడ్డర్ వ్యవస్థలోని లోపం కారణమని తేలడానికి ఏళ్లు పట్టింది. 1997లో ఉత్పత్తిని ఒక్కసారిగా పెంచబోయి విడిభాగాలు అందక, కొత్త కార్మికులకు పని రాక 737, 747 లైన్లను దాదాపు నెలపాటు ఆపేయాల్సి వచ్చింది. యాభై ఏళ్లలో మొదటి వార్షిక నష్టం ఆ ఏడాదే నమోదైంది. ఈ గందరగోళానికి బీజాలు విలీనానికి ముందే పడ్డాయి. విలీనం ఆరోగ్యవంతుడికి అంటిన జబ్బు కాదనడానికి ఇది చాలు.

విలీనం 1996 డిసెంబరులో ప్రకటితమై 1997 ఆగస్టు 1న పూర్తయింది. విలువ 1,330 కోట్ల డాలర్లు. మెక్‌డొనెల్ డగ్లస్ యుద్ధ విమానాల్లో బలమైనదే కానీ ప్రయాణికుల విమానాల్లో దాదాపు చేతులెత్తేసిన సంస్థ. కొత్త డిజైన్ల మీద డబ్బు పెట్టకుండా పాత డీసీ-9నే సాగదీసి, పేరు మార్చి అమ్ముకుంటూ వచ్చింది. కొనుగోలు చేసింది బోయింగ్. అయినా కొత్త కంపెనీలో అతిపెద్ద వ్యక్తిగత వాటాదారులు మాత్రం అవతలి వైపు నుంచి వచ్చిన జాన్ మెక్‌డొనెల్, హ్యారీ స్టోన్‌సైఫర్. బోయింగ్ డబ్బుతోనే మెక్‌డొనెల్ డగ్లస్ బోయింగ్‌ను కొనేసిందని సియాటిల్‌లో జోకు పుట్టింది. జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ హయాంలో ఎదిగిన స్టోన్‌సైఫర్ అధ్యక్షుడయ్యారు. బోయింగ్‌ను ఇంజినీరింగ్ సంస్థలా కాక వ్యాపారంలా నడపాలన్నదే తన ఉద్దేశమని తర్వాత ఆయనే బాహాటంగా చెప్పుకున్నారు. 2000లో ఇంజినీర్లు, సాంకేతిక సిబ్బంది 40 రోజులు సమ్మె చేశారు. చదువుకున్న తెల్లచొక్కా ఉద్యోగులు అలా వీధికెక్కడం అమెరికాలో అరుదు. జీతాలతో పాటు గౌరవం కూడా ఆ సమ్మెలో విషయమే. మరుసటి ఏడాది ప్రధాన కార్యాలయం సియాటిల్ నుంచి చికాగోకు తరలింది. సుమారు మూడు వేల కిలోమీటర్ల దూరం. కర్మాగారంలో నడుస్తూ కార్మికుడితో మాట్లాడే అవకాశం ఉన్న అధికారులు ఇక అక్కడి సంగతులను స్లైడుల్లో చూడటం మొదలుపెట్టారు. 2022లో కార్యాలయం మళ్లీ మారింది, ఈసారి రక్షణ శాఖకు దగ్గరగా వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌కు.

ఈ మార్పులన్నిటి వెనుకా పనిచేసిన యంత్రాంగం ఒక నిష్పత్తి. నికర ఆస్తులపై రాబడి అని దాని పేరు. సంపాదించిన లాభాన్ని, ఆ సంపాదనకు వాడిన కర్మాగారాలు, యంత్రాలు, నిల్వల విలువతో భాగిస్తే అది వస్తుంది. దాన్ని పెంచడానికి రెండు దారులున్నాయి. మొదటిది లాభం పెంచడం, అది కష్టం, ఏళ్లు పడుతుంది. రెండోది ఆస్తులు వదిలించుకోవడం, అది ఒక త్రైమాసికంలో అయిపోతుంది. ఫ్యాక్టరీ అమ్మేసి, అందులో తయారయ్యే భాగాన్ని బయటివాళ్ల దగ్గర కొంటే లాభం కొంత తగ్గినా కింది అంకె అంతకంటే ఎక్కువ తగ్గుతుంది, నిష్పత్తి పైకి లేస్తుంది. ఉన్న ఐదెకరాల్లో మూడు అమ్మేసి ఎకరాకు రాబడి పెరిగిందని సంబరపడే లెక్క ఇది. ఈ లెక్కలోని మోసాన్ని బయటి విమర్శకులకంటే ముందే లోపలి మనిషి చెప్పాడు. మెక్‌డొనెల్ డగ్లస్ వైపు నుంచే వచ్చిన ఇంజినీరు జాన్ హార్ట్-స్మిత్ 2001లో కంపెనీ అంతర్గత సదస్సుకు ఒక పత్రం సమర్పించారు. పనిని బయటికి ఇస్తే లాభం కూడా దాని వెంటే బయటికి పోతుందనీ, ఏ భాగం ఎలా తయారవుతుందో తెలిసిన మనుషులు లేకుండా సబ్‌కాంట్రాక్టరును అదుపులో పెట్టడం అసాధ్యమనీ, చివరికి బిగింపు మాత్రమే మిగిలే కంపెనీకి ఖర్చులు మిగులుతాయి తప్ప రాబడి మిగలదనీ ఆయన లెక్క కట్టి చూపించారు. డగ్లస్ అలాగే పతనమైంది కనుక ఆయన ఊహించి రాయాల్సిన అవసరం రాలేదు. ఆ పత్రాన్ని ఇప్పుడు మేనేజ్‌మెంట్ పాఠాల్లో చదువుతున్నారు. రాసిన కాలంలో దాన్ని యాజమాన్యం పట్టించుకోలేదు.

పట్టించుకోనందుకు చెల్లించిన మూల్యం 787. 2004లో ఆరంభమైన ఈ ప్రాజెక్టులో కార్బన్ ఫైబర్ మిశ్రమంతో విమానం ఫ్యూజలేజ్‌ను (మొండెం), రెక్కలను నిర్మించాలన్న ఆలోచన నిజంగా సాహసోపేతమైనది. బోయింగ్ ఇంజినీర్లలో చచ్చిపోని సత్తాకు అది సాక్ష్యం. తప్పు తయారీ పద్ధతిలో జరిగింది. దాదాపు 70 శాతం పని బయటికి పోయింది. అంతకుముందు ఎవరికీ ఇవ్వని రెక్కల తయారీని జపాన్ మిత్సుబిషికి అప్పగించారు. ఫ్యూజలేజ్ ముక్కలు ఇటలీలో, జపాన్‌లో, దక్షిణ కరోలినాలో తయారయ్యేలా పంచారు. భాగాల డిజైను, దానికయ్యే పెట్టుబడి కూడా సరఫరాదారులే భరించాలన్నారు. ఆ సరఫరాదారులు తమ పనిని ఇంకొకరికి ఇచ్చారు. 2007 జులై 8న, అమెరికా పద్ధతిలో 7/8/07 అని రాసే తేదీ కలిసొచ్చేలా, విమానాన్ని ప్రపంచానికి చూపించారు. పైన పటారం, లోన లొటారం. లోపల చాలా వ్యవస్థలు లేవు, కొన్నిచోట్ల తాత్కాలిక బిగింపులు పెట్టి నిలబెట్టారు. మొదటిసారి ఎగరడానికి 2009 డిసెంబరు దాకా, ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ చేతికి చేరడానికి 2011 సెప్టెంబరు దాకా పట్టింది. మూడేళ్లకు పైగా ఆలస్యం. చివరికి దక్షిణ కరోలినాలోని సరఫరాదారు ఫ్యాక్టరీని బోయింగే కొనుక్కోవాల్సి వచ్చింది. పని దగ్గర ఉంచుకుని ఉంటే అయ్యే ఖర్చుకంటే దాన్ని సరిదిద్దుకోవడానికి ఎక్కువైందని ప్రయాణికుల విమానాల విభాగాధిపతి జిమ్ ఆల్బా 2011లో ఒప్పుకున్నారు.

ఇంత నష్టం వచ్చినా లాభనష్టాల పట్టికలో అది చాలాకాలం కనిపించకపోవడం మరో విశేషం. విమాన తయారీలో అమెరికా నిబంధనలు అనుమతించే ఒక లెక్కల పద్ధతి ప్రకారం, ఒక మోడల్ మొత్తం జీవితకాలంలో వందల విమానాలు అమ్ముతామని అంచనా వేసి, తొలి విమానాల అధిక ఖర్చును వాటన్నిటిపైనా పంచవచ్చు. 787 విషయంలో అలా ముందుకు నెట్టిన ఖర్చు 2,500 కోట్ల డాలర్లు దాటింది. ఒక్కో విమానం నష్టానికి పోతున్నా పుస్తకాల్లో లాభమే కనిపించేది. పద్ధతి చట్టబద్ధమే. కానీ ప్రమాద సంకేతం పెట్టుబడిదారుల దగ్గరకు ఆలస్యంగా వెళ్లేలా చేయడంలో దాని పాత్ర తక్కువది కాదు. 2013 జనవరిలో బ్యాటరీలు కాలడంతో 787లన్నీ మూడు నెలలకు పైగా నేలకే పరిమితమయ్యాయి. ఆ తర్వాత ఫ్యూజలేజ్ అతుకుల్లో సన్నటి ఖాళీలు బయటపడి 2021, 2022లలో డెలివరీలు నెలల తరబడి నిలిచిపోయాయి.

అవినీతి అధ్యాయం క్లుప్తంగా చెబితే చాలు. వాయుసేన ట్యాంకర్ కాంట్రాక్టు వ్యవహారంలో, కొనుగోలు అధికారిణికి ఉద్యోగం ఆశ చూపిన కుంభకోణం 2003లో బయటపడింది. ఆమె, బోయింగ్ ఆర్థికాధికారి ఇద్దరూ జైలుకెళ్లారు. సీఈవో ఫిల్ కాండిట్ తప్పుకున్నారు, వారసుడు స్టోన్‌సైఫర్ 2005లో ఉద్యోగినితో సంబంధం బయటపడి వెళ్లిపోయారు. బోర్డు అప్పుడు 777 నిర్మాత ములాలీని కాదని, జనరల్ ఎలక్ట్రిక్, 3ఎం నేపథ్యంతో వచ్చిన జేమ్స్ మెక్‌నెర్నీని ఎంచుకుంది. ములాలీ 2006లో ఫోర్డ్‌కు వెళ్లి ఆ కంపెనీని నిలబెట్టారు.

మెక్‌నెర్నీ కాలం వాటాదారులకు పండగ. సరఫరాదారుల ధరలు కోసేశారు. విచిటాలో 737 ఫ్యూజలేజ్‌లు తయారుచేసే కర్మాగారం ఆయన రాకకు కాస్త ముందే, 2005లో, అమ్ముడుపోయి స్పిరిట్ ఏరోసిస్టమ్స్ అయింది. యూనియన్ లేని దక్షిణ కరోలినాలో 787 రెండో లైను పెట్టారు. 777కు కొత్త రూపమైన 777ఎక్స్ పనిని వేరే రాష్ట్రానికి తరలిస్తామన్న బెదిరింపుతో 2014 జనవరిలో సియాటిల్ కార్మికులు అతి తక్కువ తేడాతో పింఛను వదులుకునేందుకు ఒప్పుకున్నారు. 2013 నుంచి 2019 దాకా కంపెనీ సొంత షేర్లను తిరిగి కొనడానికి ఖర్చుపెట్టింది సుమారు 4,300 కోట్ల డాలర్లు. ఒక పూర్తి కొత్త విమానాన్ని రూపొందించడానికి అయ్యే ఖర్చుకంటే ఇది ఎక్కువ. ఉన్నతాధికారుల ప్రతిఫలం షేరు ధరతో ముడిపడి ఉంది కాబట్టి ఈ నిర్ణయం వారికి అన్నివిధాలా సమంజసంగానే కనిపించి ఉండాలి.

అదే కాలంలో కొత్త విమానం కావాల్సి వచ్చింది. 2010 డిసెంబరులో పోటీ సంస్థ ఎయిర్‌బస్ తక్కువ ఇంధనంతో నడిచే ఇంజిన్లతో ఏ320నియో ప్రకటించింది. 2011 జులైలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 260 ఎయిర్‌బస్‌లకు ఆర్డరిచ్చేసరికి బోయింగ్ ఉలిక్కిపడి, 1967లో మొదటిసారి ఎగిరిన 737కే మళ్లీ కొత్త ఇంజిన్లు తగిలించాలని నిర్ణయించింది. అదే 737 మ్యాక్స్. నేలకు దగ్గరగా ఉండే ఆ విమానానికి పెద్ద ఇంజిన్లు పెట్టాలంటే వాటిని రెక్క కంటే ముందుకు, పైకి జరపాల్సి వచ్చింది. దానివల్ల కొన్ని స్థితుల్లో విమానం ముక్కు పైకి లేచే గుణం వచ్చింది. దాన్ని సరిచేయడానికి ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. మొదట అది తోకలోని స్టెబిలైజర్‌ను 0.6 డిగ్రీలే కదిపేది, పరీక్షల మధ్యలో దాన్ని 2.5 డిగ్రీలకు పెంచారు. అంతటి శక్తి ఉన్న వ్యవస్థ ఒకే ఒక్క సెన్సర్ మాట నమ్మి పనిచేసేది. రెండు సెన్సర్లు వేర్వేరు విలువలు చూపితే హెచ్చరించే సందేశం చాలా విమానాల్లో పనిచేయడం లేదని 2017లోనే బోయింగ్‌కు తెలిసింది, కానీ సవరణను వాయిదా వేసింది. ఎంకాస్ ఉన్నదన్న సంగతే పైలట్ల మాన్యువల్‌లో లేదు. ఎందుకంటే కొత్త సిమ్యులేటర్ శిక్షణ అవసరం లేదన్నదే మ్యాక్స్ అమ్మకానికి ప్రధాన ఆకర్షణ. శిక్షణ తప్పనిసరి అయితే ఒక్కో విమానానికి 10 లక్షల డాలర్లు తగ్గించాలని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌తో ఒప్పందం ఉంది.

2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ మ్యాక్స్ విమానం కూలి 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ మ్యాక్స్ విమానం కూలి 157 మంది మరణించారు. రెండో ప్రమాదంలో పోయినవారిలో గుంటూరుకు చెందిన ఒకరు కూడా ఉన్నారు. ఆ రెండో ప్రమాదానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు బోయింగ్ షేరు అప్పటిదాకా ఎన్నడూ చేరని ధర, 440 డాలర్లు, తాకింది. మార్కెట్ లెక్క ప్రకారం అప్పటికి కంపెనీ అత్యుత్తమ స్థితిలో ఉంది.

నియంత్రణ సంస్థ బాధ్యతను తక్కువ చేయడానికి లేదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ తన ధ్రువీకరణ పనిలో చాలా భాగాన్ని బోయింగ్ జీతం తీసుకునే ఉద్యోగులకే అప్పగించింది. ఆ అప్పగింతను ఇంకా పెంచే చట్టం 2018 అక్టోబరు 5న, లయన్ ఎయిర్ ప్రమాదానికి మూడు వారాల ముందు అమల్లోకి వచ్చింది. ఆ ప్రమాదం తర్వాత ఎఫ్‌ఏఏ సొంత అంచనాలోనే, సవరణ లేకుండా మ్యాక్స్‌లు తమ జీవితకాలమంతా ఎగిరితే మరో 15 ప్రమాదాలు జరగవచ్చని తేలింది. అయినా అవి ఎగురుతూనే ఉన్నాయి. 2020 సెప్టెంబరులో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ నివేదిక ఈ వైఫల్యాలన్నిటినీ వివరంగా నమోదు చేసింది. రెండో ప్రమాదం తర్వాత మ్యాక్స్ 20 నెలలు నేలపైనే ఉండిపోయింది. 2021 జనవరిలో బోయింగ్ 250 కోట్ల డాలర్లకు క్రిమినల్ కేసు రాజీ చేసుకుంది.

లెక్కల మనుషులే పాడుచేశారన్న వాదన నిలవని చోటు ఇదే. మ్యాక్స్ సేవలోకి వచ్చిన రోజుల్లో సీఈవోగా ఉన్న డెనిస్ ములెన్‌బర్గ్ ఏరోస్పేస్ ఇంజినీరు, బోయింగ్‌లో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి పైకి వచ్చినవాడు. కార్యాలయాన్ని చికాగోకు తరలించిన కాండిట్ కూడా ఇంజినీరే, 777 తొలి దశలను నడిపించినవాడు. పట్టా ఏదైనా పై కుర్చీలో కూర్చున్నవారిని కొలిచిన కొలమానం ఒకటే: నగదు ప్రవాహం, షేరు ధర. కొలమానాన్ని నిర్ణయించేది బోర్డు. ఆ బోర్డుకు రెండు ప్రమాదాల తర్వాత, 2019లో గానీ భద్రత కోసం ప్రత్యేక కమిటీ ఏర్పడలేదు. ములెన్‌బర్గ్ ఉద్వాసన తర్వాత కూడా సుమారు 6.2 కోట్ల డాలర్ల ప్రయోజనాలు తీసుకుని వెళ్లారు. ఆయన స్థానంలోకి వచ్చిన డేవిడ్ కాల్హౌన్ 2009 నుంచీ అదే బోర్డులో ఉన్న మనిషి.

2024 జనవరి 5న పోర్ట్‌లాండ్ నుంచి లేచిన అలాస్కా ఎయిర్‌లైన్స్ మ్యాక్స్-9లో వాడని తలుపు స్థానాన్ని మూసే పలక గాల్లోనే ఊడిపోయింది. ఎవరూ మరణించలేదు, అది అదృష్టం. బోయింగ్ రెంటన్ ఫ్యాక్టరీలో రివెట్లు సరిచేయడానికి ఆ పలకను తీసి, మళ్లీ పెట్టినప్పుడు నాలుగు బోల్టులు బిగించలేదని దర్యాప్తులో తేలింది. తీసినట్టు రికార్డే లేదు. ఆ రివెట్లు దెబ్బతిన్నది స్పిరిట్‌లో, అంటే 2005లో అమ్మేసిన ఫ్యాక్టరీలో. కోవిడ్ కాలంలో తీసేసిన, ముందే పదవీ విరమణ చేయించిన అనుభవజ్ఞుల స్థానంలో కొత్తవాళ్లు వచ్చారు. ఏ పనిని ఎలా నమోదు చేయాలో నేర్పే పెద్దలు తగ్గిపోయారు. అలాస్కా ఘటన జరిగిన కొన్ని వారాలకు ఎఫ్‌ఏఏ నియమించిన నిపుణుల బృందం భద్రత విషయంలో పై అధికారుల మాటకూ కింది ఉద్యోగుల అనుభవానికీ పొంతన లేదని నివేదించింది. రక్షణ, అంతరిక్ష విభాగాల్లోనూ కథ ఇదే తీరు. స్థిర ధరకు ఒప్పుకున్న కేసీ-46 ట్యాంకర్ మీద 700 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. 2024లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్‌లను తీసుకెళ్లిన స్టార్‌లైనర్ ఖాళీగా తిరిగొచ్చింది, వారిద్దరూ మరుసటి ఏడాది స్పేస్‌ఎక్స్ వ్యోమనౌకలో దిగారు.

యాజమాన్యం తప్పులు ఎయిర్‌బస్‌లో జరగలేదని కాదు. ఏ380 వైరింగ్ గందరగోళం, దాని అమ్మకాల వైఫల్యం ఏ కంపెనీనైనా కుంగదీసేవే. తేడా ఏమిటంటే, ఎయిర్‌బస్ ఆ దెబ్బ తర్వాత కూడా ఇంజినీరింగ్ మీద ఖర్చు ఆపలేదు, ఏ350, ఏ320నియోలను నిలబెట్టుకుంది. 2019 నుంచి డెలివరీల్లో ముందుంది. బోయింగ్ ఇంకా బతికి ఉండటానికి కారణం కూడా మార్కెట్ స్వభావమే. రెండే కంపెనీలున్న చోట విమానాలు కావలసినవారికి వేరే దారి లేదు. 2023లో ఎయిరిండియా ఆర్డరిచ్చిన వందలాది విమానాల్లో 220 బోయింగ్‌వే. హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో టాటా-బోయింగ్ ఉమ్మడి కర్మాగారం అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలేజ్‌లు, 737 తోక నిర్మాణాలు తయారుచేస్తోంది. బోయింగ్ కష్టాలు అక్కడి ఆర్డర్ల దాకా వస్తాయి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిరిండియా 787ను మాత్రం ఈ జాబితాలో చేర్చడం తొందరపాటు. ప్రాథమిక నివేదిక ఇంధన స్విచ్‌లు ‘కటాఫ్’ స్థితికి మారాయని చెప్పిందే తప్ప తయారీ లోపమని చెప్పలేదు.

2024 ఆగస్టులో సీఈవోగా వచ్చిన కెల్లీ ఆర్ట్‌బర్గ్ మెకానికల్ ఇంజినీరు. ఆయన సియాటిల్‌లోనే నివాసం పెట్టుకున్నారు. వచ్చిన నెల దాటగానే 33,000 మంది కార్మికుల సమ్మె మొదలై 53 రోజులు సాగింది. వారికి నాలుగేళ్లలో 38 శాతం వేతన పెంపు దక్కింది, 2014లో పోయిన పింఛను మాత్రం తిరిగి రాలేదు. ఆ సమ్మె నడుస్తుండగానే కంపెనీ షేర్లు అమ్మి 2,100 కోట్ల డాలర్లకు పైగా సేకరించాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి షేర్లు కొన్న సంస్థ చివరికి వాటినే చౌకగా అమ్ముకుంది. విచిటా ఫ్యాక్టరీ కూడా తిరిగి ఇంటికి చేరింది: స్పిరిట్ కొనుగోలు 2025 డిసెంబరులో పూర్తయింది, అప్పులు కలిపి ధర 830 కోట్ల డాలర్లు. 2020లో రావాల్సిన 777ఎక్స్ 2027కు వాయిదా పడింది. 2004లో 787 ఆరంభించిన తర్వాత బోయింగ్ పూర్తి కొత్త ప్రయాణికుల విమానం ఒక్కటి కూడా మొదలుపెట్టలేదు.